గాలి జాగ్రత్త

ఆ పొద్దున్న మావయ్యకి నేను చెప్పాల్సిన కబురు వేరు. "పిన్ని మిమ్మల్ని రమ్మంటోంది, వీలు చూసుకుని బయల్దేరండి" అని చెప్పాలి. అలా చెప్పమని ముందురోజు సాయంత్రం పిన్నే నాకు పురమాయించింది. తెల్లవారాక కాఫీ గ్లాసు పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్లేసరికి కబురు మారిపోయింది.

మావయ్య కలిదిండి దగ్గర తన రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాడు. ఫోన్‌లో చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిన్ని పోయిందని చెప్పాను. ఆ చప్పుడే వింటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "నా గురించి ఏమైనా అందా అమ్మాయ్?" అని అడిగాడు. ఎలా పోయింది, ఎన్నింటికి పోయింది అని కాదు, ముందు అదే అడిగాడు. అడగడా మరి! తోడబుట్టిన అక్క నెలకి పైగా ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. "అంది మావయ్యా, మీరు రండి, చెబుతాను" అన్నాను. అది ఏరేటర్ల హోరులో అరిచి చెప్పే మాట కాదు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు, మావయ్యకి అక్క. పెళ్లి చేసుకోలేదు. ఏలూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైంది. నేనూ ఆ స్కూల్లోనే చదివాను. అందుకే మా అమ్మని నువ్వు అనేదాన్ని గానీ, పిన్నిని ఇంట్లో కూడా మీరు అనేదాన్ని. పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చినా, మిల్లు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరినా, ఆవిడ ముందుకొస్తే చేతులు వెనక్కి కట్టుకునే అలవాటు నాకు పోలేదు.

మధ్యాహ్నానికి చర్చి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పిన్ని ఫొటో పెట్టి "ప్రభువునందు నిద్రించారు" అని రాశారు. చదవగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నిద్రట! పిన్నికట! ఒకచోట కుదురుగా కూర్చున్న పిన్నిని చూసిన మనిషి ఏలూరులో లేడు. చర్చిలో ప్రసంగం పావుగంట దాటితే లేచి వెనక తలుపు దగ్గరకి వెళ్లి నిలబడేది. అన్నం కంచం చేత్తో పట్టుకుని వంటింటికీ వరండాకీ మధ్య తిరుగుతూ తినేది. ఎవరింటికైనా వెళ్తే, వాళ్లు కుర్చీ లాగేలోపే, "కూర్చునే పని మీద రాలేదండి" అనేది. ఏ పని మీద వచ్చినా అదే మాట. పెళ్లిచూపులకి పెద్ద దిక్కుగా వెళ్లినప్పుడు కూడా అదే అందిట, అవతలి వాళ్లు సంబంధం ఇష్టం లేదేమోనని కంగారుపడ్డారట.

క్లాసులో ఆవిడ కుర్చీ మీద మా నోటు పుస్తకాలు కూర్చునేవి. ఆవిడ బెంచీల మధ్య తిరుగుతూనే ఉండేది. ప్రశ్న వెనక బెంచీ దగ్గర మొదలై, జవాబు వచ్చేసరికి బోర్డు దగ్గరుండేది. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి, జవాబు పూర్తి వాక్యంలో ఉండాలి. మొక్కలు ఆహారం ఎక్కడ తయారుచేసుకుంటాయి అని అడిగితే నేను "ఆకుల్లో" అన్నాను ఒకసారి. "ఆకుల్లో ఏమైంది? ఆకుల్లో పురుగు కూడా ఉంటుంది. పెసరట్టు కూడా కడతారు. వాక్యం పూర్తిచెయ్యి" అంది. క్లాసంతా నవ్వింది. నాకు ఇప్పటికీ ఎవరైనా సగంలో మాట ఆపేస్తే ఒళ్లు మండుతుంది. ఇది ఆవిడ ఇచ్చిన ఆస్తే.

మావయ్యకి ఈ బాధ చిన్నప్పట్నుంచీ ఉంది. ఫోన్ చేసి "బాగున్నా" అంటే, "ఎవరు బాగున్నారు?" అని అవతల్నుంచి వచ్చేది. "నేను బాగున్నానక్కా, రొయ్యలు కూడా బాగున్నాయక్కా" అని అప్పజెప్పేవాడు. అరవై దాటిన మనిషి, చెరువుల మీద పదిమందికి పని చెప్పే మనిషి, అక్క ముందు ఎక్కాలు చదివే కుర్రాడిలా ఉండేవాడు.

రిటైరయ్యాక పిన్ని ముందుగదిలో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టింది. బంధువులు ముక్కున వేలేసుకున్నారు. మా వైపు చేపంటే చెరువులో ఉండాలి, లేదంటే పులుసులో ఉండాలి. గాజు పెట్టెలో పెట్టి, దానికి లైటేసి, కరెంటు బిల్లు కట్టి చూడ్డమేంటని వాళ్ల అనుమానం. పైగా ఏలూరులో సముద్రపు నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? మావయ్యే తెచ్చేవాడు. పేరుపాలెం వైపు హేచరీలకి, అంటే రొయ్యపిల్లల్ని పుట్టించే చోట్లకి, పిల్ల కోసం వెళ్లినప్పుడల్లా అక్కడ వడగట్టిన సముద్రపు నీళ్లు డ్రమ్ములతో పట్టుకొచ్చి అక్క గుమ్మంలో దింపేవాడు. దానికీ సణుగుడే. "ఊళ్లో జనం నీళ్ల ట్యాంకరు కోసం చూస్తుంటే మా అక్క సముద్రం కోసం చూస్తుందండి" అనేవాడు.

ఆ తొట్టిలో రెండు చేపలుండేవి. అందరూ వాటినే చూసేవారు. పిన్ని చూసేది వాటిని కాదు. విజయవాడలో కొన్న ఒక సముద్రపు రాయి అడుగున కందిబద్దంత నారింజ రంగు మచ్చ ఒకటి ఉంది. కొన్నాళ్లకి అది ఉసిరికాయంత అయింది. అప్పుడు నాకు ఫోన్ చేసి, చిన్నపిల్లలా సంబరపడుతూ, "ఇది స్పంజికే" అంది. సర్వీసంతా స్పంజికల పాఠం చెప్పింది. పుస్తకంలో కూజాలా ఉన్న బొమ్మ, దానికి బాణం గుర్తులు. ప్రాణమున్నదాన్ని ఒక్కసారీ చూడలేదు. పాఠం చెప్పడం మానేశాక అది తనంతట తానే ఇంటికొచ్చింది.

పక్కింటావిడ చూసి, "పలక తుడుచుకునే స్పాంజేనాండీ?" అని అడిగింది. పిన్ని ఆవిడని అక్కడే నిలబెట్టి పాఠం మొదలెట్టింది. దీనికి కాళ్లు లేవు, కళ్లు లేవు, గుండె లేదు, మెదడు లేదు. ఒక్కసారి ఎక్కడ అతుక్కుంటే అక్కడే ఉంటుంది. చూసినవాళ్లు బొమ్మనుకుంటారు. కానీ ఒళ్లంతా సన్నటి బెజ్జాలు, వాటిలోంచి నీళ్లు లోపలికి లాక్కుని, అందులో ఉన్న తిండి తినేసి, పైనున్న రంధ్రంలోంచి వదిలేస్తూ ఉంటుంది. "పైకి కదలదు గానీ లోపల ఒక్క నిమిషం ఊరుకోదండి" అంది. పక్కింటావిడ, "అచ్చం మీలాగే" అని వెళ్లిపోయింది. పిన్ని చాలా రోజులు ఆ మాట గర్వంగా చెప్పుకుంది. పైకి కదలనిదానితో తనకి పోలికేంటో నాకెప్పుడూ అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

అది బతికుందో లేదో తెలుసుకోవడానికి ఆవిడ దగ్గర ఒక పద్ధతుండేది. హేచరీలో రొయ్యపిల్లలకి మేతగా పెంచే పచ్చనీళ్లు ఒక సీసాలో తెప్పించుకునేది. ఇంకు ఫిల్లరుతో ఒక చుక్క తీసి స్పంజిక పక్కన వదిలేది. ఆ పచ్చదనం పొగలా కదిలి దాని ఒంట్లోకి మాయమయ్యేది. కాసేపటికి పై రంధ్రంలోంచి నీళ్లు చిన్నగా ఎగదన్నేవి. ఆ కాసేపూ మాత్రం పిన్ని నిలబడేది. అడుగు కదిపేది కాదు. ఆవిడని ఒకచోట నిలబెట్టగలిగినది నాకు తెలిసి అదొక్కటే.

ఇలా రాస్తుంటే కుర్చీలో ఉండలేక రెండుసార్లు లేచి తొట్టి దగ్గరకి వెళ్లొచ్చాను. ఆవిడ పోయినప్పట్నుంచీ నాకూ ఇదే జబ్బు పట్టుకుంది. ఆఫీసులో కూడా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నానని అకౌంటెంటు గారు అన్నారు.

ఇక అసలు సంగతి. మొన్న వానాకాలంలో పిన్ని తొట్టి నీళ్లు మారుస్తూ తడి గచ్చు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఏలూరులోనే ఆపరేషన్ చేశారు. ఒక్కతీ ఉండే వీలు లేదు కాబట్టి మా ఇంటికి తీసుకొస్తానన్నాను. వస్తాను గానీ తొట్టి కూడా రావాలంది. పరుపు మీద పడుకోబెట్టి, లేవొద్దన్నారు. అలాంటి మనిషికి పడుకోవడమే పెద్ద శిక్ష, దానికి తోడు ఇదీ తీసేస్తే ఏమైపోతుందో అని నేను సరేనన్నాను. తొట్టి తరలించే పని మావయ్య మీద పడింది. ఆపరేషను మత్తు పూర్తిగా వదలకుండానే పిన్ని ఆయనకి ఫోన్ చేసింది. పక్కనే ఉన్నాను, విన్నాను. "చేపలు సరే, ఎలాగో తెస్తావు. ఆ రాయి మాత్రం... గాలి జాగ్రత్తరా" అంది. ఇంతలో నర్సు వచ్చి ఫోన్ తీసుకుంది.

మా వైపు చేపపిల్లల్నీ రొయ్యపిల్లల్నీ దూరం పంపే పద్ధతి అందరికీ తెలిసిందే. పాలిథిన్ సంచిలో అడుగున కాసిన్ని నీళ్లు పోసి, పిల్లల్ని వేసి, మిగతా సంచి అంతా సిలిండరు నుంచి ఆక్సిజన్ పట్టి, బూరలా ఉబ్బాక మూతికి రబ్బరు బ్యాండ్లు బిగిస్తారు. ఎంత గాలి ఉంటే అంత దూరం బతికి వెళ్తాయి. మావయ్య వయసంతా అలాంటి సంచుల మధ్యే గడిచింది. అక్క జాగ్రత్త చెప్పింది కదా అని, చెరువు దగ్గర్నుంచి సిలిండరే తెచ్చుకున్నాడు. చేపల్ని ఒక సంచిలో, స్పంజిక ఉన్న రాయిని ఇంకో సంచిలో పెట్టి, దానికి మరీ గట్టిగా గాలి పట్టించాడు. భీమడోలు మీదుగా, ఉంగుటూరు మీదుగా, గోతుల్లో వ్యాను ఎగిరెగిరి పడుతుంటే సంచిలో కాసిన్ని నీళ్లూ అటూ ఇటూ పోయాయి. స్పంజిక దారి పొడుగునా గాలిలోనే ఉంది.

దానికి గాలే విషం. ఒళ్లంతా నీటి దారులున్న జీవి అది. ఆ దారుల్లోకి గాలి దూరితే బుడగలు ఇరుక్కుపోతాయి, నీళ్లు ఆడవు. ఆడనంత మేరా కుళ్లిపోతుంది. "దగ్గనైనా దగ్గలేదు పాపం" అనేది పిన్ని.

మా ఇంట్లో మంచం మీద తలగడ ఆనుకుని, మావయ్య సంచి విప్పబోతుంటే చూసింది. సంచి అంత ఉబ్బి ఉండటం చూడగానే మొహం పాలిపోయింది.

"నీకేం చెప్పాన్రా?" అంది.

"గాలి జాగ్రత్త అన్నావక్కా."

"మరి?"

"జాగ్రత్తగానే పట్టించానక్కా. డబుల్ పట్టించాను."

ఆయన ఆ మాట ఎంత మురిపెంగా అన్నాడో! మెచ్చుకుంటుందనుకున్నాడు. పిన్ని ఒంటికాలి మీద లేచేదే, ఆ కాలు లేవలేని స్థితిలో ఉంది. "నువ్వు పుట్టాక ఒక్క మాటైనా బుర్రపెట్టి విన్నావట్రా?" అంది. మావయ్య కూడా ఊరుకోలేదు. నువ్వు చెప్పిందే చేశానన్నాడు. నేను అలా చెప్పలేదంది. అలాగే చెప్పావన్నాడు. మధ్యలో చేపలు రెండూ తొట్టిలో హాయిగా తిరుగుతున్నాయి, అవి చూస్తే ఆవిడకి ఇంకా మంట. చివరికి గోడవైపు మొహం తిప్పుకుని పడుకుంది. అంతే. ఆ రోజు మొదలు తమ్ముడితో మాట లేదు.

నేను ఇద్దర్నీ తప్పు పట్టలేకపోయాను. గేటు మీద "కుక్క జాగ్రత్త" అని రాస్తే, కుక్కకి దూరంగా ఉండమని. ఊరెళ్తూ "పిల్ల జాగ్రత్త" అని చెబితే, పిల్లని కళ్లల్లో పెట్టుకు చూసుకోమని. అదే మాట. పిన్నికి ఆ రోజు గాలి కుక్కలాంటిది, మావయ్యకి పిల్లలాంటిది. ఒక ఏడు కరెంటు పోయి, జనరేటరు మొండికేసి, ఏరేటర్లు ఆగిపోతే ఒక్క పూటలో ఆయన చెరువంతా తెల్లగా తేలిపోయింది. ఆ తర్వాత ఆయన పెట్టుబడి లేకుండా బతకగలడేమో గానీ గాలి లేకుండా ఏదైనా బతుకుతుందంటే నమ్మలేడు.

మర్నాటికి స్పంజిక ఒక పక్క తెల్లబడింది. బూజు పట్టినట్టు పొర కట్టింది. పిన్ని ఫిల్లరు తెమ్మంది. మంచానికి ఆనించి తొట్టి పెట్టాం కాబట్టి చెయ్యి అందుతుంది. చుక్క వదిలితే ఆ పచ్చదనం ఎక్కడిదక్కడే నిలిచిపోయి, మెల్లగా అడుక్కి దిగిపోయింది. ఆవిడ కొత్త బ్లేడు కావాలంది.

ఆ రోజు చేసిన ఆపరేషను నేను మర్చిపోలేను. స్టూలు మీద ఉప్పునీళ్ల టబ్బు. రాయిని తొట్టిలోనే ఒక గిన్నెలోకి ఎక్కించి, గిన్నె నిండా నీళ్లతో తెచ్చి టబ్బులో ముంచాను. నీళ్ల పైకి ఏదీ రాకూడదు. పిన్ని రెండు చేతులూ నీళ్లలో పెట్టి, తెల్లబడినదాన్నంతా కోసేసింది. నారింజ రంగు లోపలిదాకా కనిపించేవరకూ కోస్తూనే ఉంది. నేను లైటు పట్టుకున్నాను. కుళ్లు వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. చివరికి మంచిగా మిగిలినవి రెండు ముక్కలు. పెద్దది ఆ రాయికే ఉండిపోయింది. గోరంత ఉన్న చిన్నదాన్ని ఒక రాతి పెళ్ల మీద పెట్టి దారంతో కట్టింది. ఏ ముక్కకాముక్క మళ్లీ పూర్తి స్పంజిక అవుతుందట. "మనకి ఆ సదుపాయం లేదు, తుంటి విరిగితే మేకు కొట్టాల్సిందే" అంది. చేతులు తుడుచుకుంటూ నవ్వింది, ఆ రోజుకి అదొక్కటే నవ్వు.

అప్పట్నుంచి ఇంట్లో ఇద్దరు రోగులు. నీళ్లు మెల్లగా ఆడాలి, లైటు నేరుగా పడకూడదు, పూటకో చుక్క మేత, రాలిన పొట్టు ఎప్పటికప్పుడు పీల్చెయ్యాలి. మంచం మీంచి ఆజ్ఞలు వస్తూనే ఉండేవి. నేను ఆఫీసుకి వెళ్తే ఫోన్‌లో వచ్చేవి. "చూసి చెప్పు, ఊహించి చెప్పకు" అనేది. బాగానే ఉంది అంటే ఒప్పుకునేది కాదు. ఎలా బాగుంది, ఏ పక్క బాగుంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది. విసుక్కునేదాన్ని. లోపల మాత్రం అనుకునేదాన్ని, ఈ ప్రశ్నలు ఆగిపోతే ఎలా అని. ఆవిడ అన్నం తగ్గించేసింది. కాళ్లకి నీరు పట్టింది. గుండె నీరసంగా ఉందని డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. నడిచే మనిషిని పడుకోబెడితే లోపలివన్నీ అలిగి కూర్చుంటాయేమో.

మావయ్య వారానికి రెండుసార్లు వచ్చేవాడు. కలిదిండి నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఒక క్యానుతో సముద్రపు నీళ్లు, ఒక సీసాతో పచ్చనీళ్లు. వరండా దాటేవాడు కాదు. అక్కడే కూర్చుని, "ఎలా ఉందమ్మాయ్?" అని అడిగేవాడు. ఎవరి గురించి అడుగుతున్నాడో తెలిసేది కాదు. నేను ఇద్దరి సంగతీ చెప్పేదాన్ని. లోపల్నుంచి పిన్ని, "ఎవరో వచ్చినట్టున్నారు, కాఫీ తాగి వెళ్లమను" అనేది. ఈయన, "తాగానని చెప్పమ్మా" అనేవాడు. మధ్యలో నేను. వాళ్లిద్దరి మధ్యా పది అడుగుల దూరం కూడా లేదు. ఒకరోజు కోపం వచ్చి, మీరే వెళ్లి మాట్లాడండి మావయ్యా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "అది బతికితే వెళ్తానమ్మా. బతక్కుండా ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అన్నాడు. అప్పట్నుంచి నేను ఆ గోరంత ముక్కని స్పంజికలా చూడలేకపోయాను. అది బతక్కపోతే ఈ అక్కాతమ్ముళ్లు ఇలాగే విడిపోతారేమోనని నాకు బెంగ పట్టుకుంది.

చివరి సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే పిన్ని ఫిల్లరు నా చేతికిచ్చింది. తను తొట్టి మీదికి వంగలేనంది. చిన్నముక్క పక్కన చుక్క వదిలాను. పచ్చదనం అక్కడే తచ్చాడింది. తర్వాత మెల్లగా ఆ ముక్క వైపు వంగి, మాయమైంది. కాసేపటికి ముక్క పైనుంచి నీళ్లు సన్నగా ఎగదన్నాయి. పిన్నికి కళ్లద్దాలు పెట్టినా అంత సన్నగా కనిపించదు.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది పిన్నీ."

"ఏం వచ్చింది?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "చిన్నముక్క పైన కొత్తగా ఏర్పడిన రంధ్రంలోంచి నీళ్లు బయటికి వచ్చాయి" అని చెప్పాను.

పిన్ని కళ్లు మూసుకుంది. అలాగే అంది: "సర్వీసంతా పిల్లల చేత వాక్యాలు పూర్తి చేయించాను. వాడికి మాత్రం సగం వాక్యం చెప్పాను. తప్పు వాడిది కాదు, నాది. ఈ ముక్క వాడికిద్దాం. రేపు రమ్మను, నేనే చెబుతాను." ఇప్పుడే ఫోన్ చేస్తానన్నాను. వద్దంది. ఇది మేత వేసే వేళ, కంగారుపడి పరిగెత్తుకొస్తాడు, పొద్దున్న చెయ్యి అంది. తర్వాత జావ అడిగి మరీ తాగింది. ఆ రాత్రి ఒక్కసారి కూడా పక్క మీద మెదల్లేదు. నేను బాగుందనుకున్నాను.

పిన్నిని ఏలూరులోనే, అమ్మమ్మ తాతయ్యల పక్కన సమాధి చేశాం. పాస్టరు గారు, ఈ సహోదరి తన ప్రయాసలు మాని విశ్రాంతిలో ప్రవేశించారు అన్నారు. నా పక్కన మావయ్య, ఎవరికీ వినపడకుండా, "మా అక్కకి విశ్రాంతి పడదండి" అన్నాడు. ఆవిడ దగ్గర చదువుకున్న ఆడవాళ్లు, కొందరు మనవలున్నవాళ్లు, గుంపుగా వచ్చారు. మట్టి వేసి వెళ్లిపోకుండా, ఏదో పాఠం మిగిలున్నట్టు అక్కడే నిలబడ్డారు. ఒక్కరూ కూర్చోలేదు.

పిన్ని చివరి సాయంత్రం అన్న మాట, ఏలూరు నుంచి తిరిగొచ్చాక, మావయ్యకి మా వరండాలో చెప్పాను. ఒక్క ముక్క మార్చకుండా, పిన్ని ఎలా అందో అలాగే. ఆయన నా మొహంలోకి చూశాడు. "నన్ను ఓదార్చడానికి అనట్లేదు కదా అమ్మాయ్?" అన్నాడు. నేను ఆవిడ దగ్గర చదువుకున్నదాన్ని మావయ్యా, కల్పించి చెప్పడం రాదు అన్నాను. ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నేనైనా అడగాల్సింది. గాలి ఉండాలా, ఉండకూడదా అని ఒక్క మాట" అన్నాడు. నెల రోజుల్లో మొదటిసారి వరండా దాటి లోపలికి వచ్చి, మంచం ఖాళీగా ఉన్న గదిలో, తొట్టి ముందు నిలబడ్డాడు.

తర్వాతి వారం తన ఇంటి దగ్గర చిన్న తొట్టి, సముద్రపు నీళ్లు అన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు. పెద్దముక్క నాకు, చిన్నముక్క ఆయనకి. చొక్కా చేతులు పైకి మడిచి, సంచిని తొట్టి నీళ్లలో పూర్తిగా ముంచి, లోపలున్న గాలంతా వేళ్లతో పిండి, రాతిపెళ్లని నీళ్లలోనే అందులోకి జరిపి, నీళ్లలోనే మూతి కట్టాడు. పైకి తీసి వెలుగులో చూశాడు. ఆవగింజంత బుడగ ఉంది. మళ్లీ ముంచి, విప్పి, కట్టాడు. చొక్కా భుజాల దాకా తడిసిపోయింది. అలా ఎన్నిసార్లు చేశాడో! నిండా నీళ్లున్న ఆ సంచి ఆయన వయసంతా కట్టిన సంచులకి పూర్తిగా తలకిందులు. కట్టేటప్పుడు ఆయన చేతులు తటపటాయించడం నేను చూశాను.

నేనూ తోడు వెళ్లాను. కారులో గణపవరం దాటాం. వెనక సీట్లో ఆయన ఒళ్లో సంచి. ఆకివీడు దగ్గర పడుతుండగా, "అమ్మాయ్" అన్నాడు. రాతిపెళ్ల సందులోంచి వచ్చిందో ఏమో, సంచిలో ఒక బుడగ కనిపిస్తోంది. బఠాణీ గింజంత ఉంది. దారిలో విప్పడానికి లేదు, విప్పితే పోసేందుకు ఉప్పునీళ్లు లేవు. డ్రైవరు ఆపమంటారా అని అడిగాడు. మెల్లగా పోనివ్వమన్నాడు మావయ్య. సంచిని కొంచెం కొంచెంగా పక్కకి వంచాడు. బుడగ జారి జారి, స్పంజికకి దూరంగా ఉన్న పై మూలకి చేరింది. అక్కడ దాన్ని బొటనవేలితో నొక్కిపట్టాడు.

రోడ్డుకి రెండు పక్కలా చెరువుల్లో ఏరేటర్లు తెల్లగా నురగ లేపుతున్నాయి. ఎప్పుడూ ఏ చెరువు చూసినా నీళ్ల రంగు గురించి మాట్లాడే మనిషి, ఆ రోజు కిటికీ వైపు తల తిప్పలేదు. నొక్కి నొక్కి ఆయన బొటనవేలు తెల్లబడింది. కాసేపు నేను పట్టుకుంటానన్నాను. "వద్దమ్మాయ్, చెయ్యి మారితే బుడగ కదులుతుంది" అన్నాడు. ఇల్లు చేరి, ఆయన ఇంట్లోవాళ్లు తొట్టి మూత తీసేదాకా, మావయ్య ఆ సంచి మూల మీంచి వేలు తియ్యలేదు.